జింకలు మేసిన చేను, కొంగలు దిగిన చెరువు

ప్రశ్న

అక్కకు నమస్కారం. మాది ఉరవకొండ వైపు ఒక చిన్న ఊరు. నల్లరేగడి నేల. పదకొండేళ్లు బెంగళూరులో ఒక గోదాములో లెక్కలు రాసే పని చేశాను. నాయనకు మోకాళ్ల నొప్పులు ముదరడంతో పోయిన ఏడాది ఉగాదికి భార్యను, ఏడేళ్ల పాపను తీసుకుని ఇంటికి వచ్చేశాను. నా చిన్నప్పుడు మాది నూట ఎనభై గడపల ఊరు. ఇప్పుడు మా వీధిలో పద్నాలుగు ఇళ్లుంటే ఎనిమిదింటికి తాళాలే. సాయంత్రమైతే అరుగుల మీద ముసలివాళ్లు తప్ప ఎవరూ కనిపించరు. మేము వేయించిన ఐదు బోర్లలో నాలుగు ఎండిపోయాయి. వచ్చి తప్పు చేశానేమో అనే దిగులుతో మొదటి ఆరు నెలలు రాత్రిళ్లు సరిగా నిద్రపోలేదు.

అక్టోబరులో మంచి వానలు పడ్డాయి. చాలా ఏళ్లకు మా చెరువు నిండి మరువ పారింది. డిసెంబరులో ఒక రోజు పొద్దున్నే పాప పరిగెత్తుకొచ్చి, చెరువులో పెద్ద పెద్ద పక్షులు దిగాయని చెప్పింది. వెళ్లి చూస్తే ఎర్రకాళ్ల కొంగలు. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం, ఇరవై మూడు. పాతికేళ్ల తర్వాత వచ్చాయని ఊళ్లో పెద్దలు అన్నారు. ఆ కట్ట మీద నిలబడినప్పుడు, ఎందుకో చెప్పలేను, ఈ ఊరికి ఇంకా ఆయుష్షు ఉందనిపించింది.

అయితే అంతకు ముందు నెలలోనే నలభై దాకా కృష్ణజింకలు మా చేలో పడి, రెండెకరాల పప్పుశనగ మొలకలను నేలమట్టంగా మేసిపోయాయి. అప్పటి నుంచి నాయన మనసు విరిగి ఉన్నాడు. కొంగల సంగతి చెబితే ఒకటే మాట అన్నాడు: “ఊరు పాడుపడితేనే అడవి ఊళ్లోకి వస్తుంది. మనుషులు పోయారు కాబట్టి అవి వచ్చాయి. అది చూసి సంతోషపడుతున్నావా?”

పాప ఈ ఊరు వదిలి రానంటోంది. బెంగళూరులో పాత యజమాని మళ్లీ రమ్మంటున్నాడు. నాలుగు పక్షులను చూసి ఊరు బాగుపడుతుందని ఆశ పెట్టుకోవడం నన్ను నేను మోసం చేసుకోవడమేనా? నాయన మాటే నిజమా?

— ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు

తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

మీ నాయన అన్నది తేలికగా తీసేయదగ్గ మాట కాదు. మన పల్లెల్లో తాళం పడిన ఇల్లు ఏమవుతుందో చూసినవాళ్లకు ఆ మాట బరువు తెలుస్తుంది. మొదట మిద్దె కారుతుంది. తర్వాత గోడ పగులులో రావి మొలుస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి పెరట్లో ముంగిసలు తిరుగుతాయి. మనిషి వదిలేసిన చోటికి మొక్కా పురుగూ జంతువూ ఎలా వచ్చి చేరతాయో ఆయన ఏళ్ల తరబడి కళ్లారా చూశారు. జింకల విషయంలో ఆయన చెప్పింది సగం నిజం. కొంగల విషయంలో మాత్రం నిజం కాదు. రెండూ ఒకే కాలంలో వచ్చేసరికి మీరిద్దరూ వాటిని ఒకే మూటలో కట్టేశారు. నువ్వు కొంగలను చూసి ఊరంతా బాగుపడుతుందనుకున్నావు. ఆయన జింకలను చూసి ఊరంతా పాడయిందనుకున్నారు. ముందు ఆ మూట విప్పాలి.

“పాతికేళ్ల తర్వాత వచ్చాయి” అని నువ్వే రాశావు. అంటే పాతికేళ్ల కిందట అవి మీ చెరువులో ఉన్నాయి. అప్పుడు మీ ఊరు ఎలా ఉండేది? నూట ఎనభై గడపలూ నిండుగా ఉండేవి. చెరువులో ఎనుములు పడుకునేవి, ఆడవాళ్లు బట్టలు ఉతికేవారు, సెలవు రోజున పిల్లలు కట్ట మీద నుంచి నీళ్లలోకి దూకేవారు. అంత సందడిలోనూ కొంగలు ఒక పక్కన తమ పని తాము చూసుకునేవి. జనం ఎక్కువయ్యారని అవి వెళ్లిపోలేదు. నీళ్లు లేక వెళ్లిపోయాయి. మీ వీధిలో ఎనిమిది ఇళ్లకు తాళాలు పడిందీ చాలావరకు అందుకే. ఒకే కరువు మిమ్మల్నీ వాటినీ వెళ్లగొట్టింది. కాబట్టి అవి మనుషులు ఖాళీ చేసిన జాగాను ఆక్రమించుకోవడానికి రాలేదు. మీలాగే వలస పోయాయి, మీలాగే తిరిగొచ్చాయి. నువ్వు ఉగాదికి వచ్చావు, అవి డిసెంబరుకు వచ్చాయి. ఈ మాట మీ నాయనతో వాదించడానికి వాడుకోవద్దు. ఆయన పడుచుతనంలో చెరువు ఎలా ఉండేదో అడుగు చాలు. జవాబు ఆయన నోటి నుంచే వస్తుంది.

ఎర్రకాళ్ల కొంగ మనిషి అలికిడికి అంతగా బెదిరే పక్షి కాదు. చిలమత్తూరు మండలంలో వీరాపురం అని ఒక ఊరుంది. నిన్నమొన్నటి దాకా మీ జిల్లాలోదే, 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. ఆ ఊరికి ఈ కొంగలు ఏటా చలికాలం చివర్లో వస్తాయి. ఊరి బయట చోటు లేక కాదు, ఊరి నడుమనే ఇళ్ల మీదికి వంగిన చింతచెట్లలో గూళ్లు కడతాయి. గుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, అవి ఎగరడం నేర్చాక వెళ్లిపోతాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలని ఊరివాళ్లు వాటిని చెప్పుకుంటారు. చింతపండు రాబడి ఉన్న చెట్లను పక్షులకు వదిలేసి ఊరుకోవడం చిన్న సంగతి కాదని పల్లెలో పుట్టినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

కొన్నేళ్ల కిందట ఒక ఏప్రిల్‌లో అక్కడికి వెళ్లాను. ఊళ్లో అడుగుపెట్టగానే ముందు వాసన తగులుతుంది. చేపల నీచు, రెట్టల ఘాటు కలిసిన వాసన. ఆకులు, అరుగులు, బండల మీద సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది. పెద్ద కొంగలకు గొంతు దాదాపు పెగలదు, ముక్కులు టకటకమని కొట్టుకుంటాయి. ఆ చప్పుడు పగలంతా నెత్తి మీదే. నేను కూర్చున్న ఇంటి ముందు చెట్టు మీద నుంచి ఒక పిల్ల కింద పడింది. తెల్లటి నూగు, మెడ నిలవని వయసు. దగ్గరికి వెళ్లగానే భయంతో మింగిన చేపలను కక్కేసింది. ఆ ఇంటి ముసలమ్మ కూరగాయలు తరుగుతున్నదల్లా లేచింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని గంపలో పెట్టి, తడిపిన గోనెపట్ట ఒకటి పైన కప్పింది. “ఎండకు సోలిపోయింది, సాయంత్రానికి లేస్తుంది” అని మళ్లీ వచ్చి కత్తిపీట ముందు కూర్చుంది. ఆమె ముఖంలో గొప్ప పని చేశానన్న భావం వెతికినా కనిపించలేదు. ఇంటి మేకపిల్లకు చేసినట్టే చేసింది.

ఇంకో సంగతి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని మన వైపు చాలామంది గర్వంగా చెబుతారు. అది పొరపాటు. ఎర్రకాళ్ల కొంగ మన దేశపు పక్షే. నీళ్లను బట్టి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు తిరుగుతుంటుంది. నాకైతే సైబీరియా కథ కన్నా ఈ నిజమే ఎక్కువ ధైర్యం ఇస్తుంది. ఎక్కడో మంచు దేశంలో ఏం జరుగుతుందో మన చేతిలో లేదు. మీ చెరువులో మార్చి దాకా నీళ్లుంటాయా, లేదా అన్నది మాత్రం చాలావరకు మీ ఊరి చేతిలో ఉంది.

అందుకే నువ్వు చేయాల్సిన మొదటి పని ఆ చెరువు దగ్గరే ఉంది. రేపు పాపను తీసుకెళ్లి ఆ కొంగలు తినే తీరు కాసేపు చూడు. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచుతాయి, తలను అటూ ఇటూ ఊపుతూ మెల్లగా నడుస్తాయి, కాలితో బురద కదుపుతాయి. చేప ముక్కుకు తగిలిందంటే మరుక్షణం పట్టేస్తాయి. కళ్లతో వెతికి పట్టే పద్ధతి కాదు, తాకిడితో పట్టే పద్ధతి. అందువల్ల నీళ్లు మురికిగా ఉన్నా వాటికి పరవాలేదు కానీ, లోతు ఎక్కువైతే పనికిరాదు. మోకాలి లోతు నీళ్లు, ఏటవాలుగా దిగే ఒడ్డు కావాలి. పూడిక తీసే పేరుతో, ఇటుక బట్టీలకు మట్టి తోలే పేరుతో యంత్రాలు చెరువు కడుపులో నిట్టనిలువు గుంతలు తవ్వుతున్నాయి. ఆ గుంతల్లో నీళ్లు ఎన్ని ఉన్నా కొంగకు కాలు మోపే చోటు ఉండదు. గొర్రెలు దిగలేవు. పిల్లలు పడితే పైకి రాలేరు. మీ చెరువులో పూడిక తీసేటప్పుడు కనీసం ఒక వైపు ఒడ్డును పలచగా, ఏటవాలుగా వదలమని పంచాయతీలో ముందే మాట్లాడు. తీసిన మట్టి చేలకు తోలుకుంటే నేలకూ మేలే. చేపల పాట పాడుకున్నవాళ్లతో కూడా ఒక మాట అనుకోండి. వేసవిలో మిగిలిన కాస్త నీటినీ మోటార్లు పెట్టి తోడేసి అడుగు చేప దాకా పట్టేస్తే కొంగలకే కాదు, పశువులకూ గుక్కెడు మిగలదు. మందు కొట్టిన పంపులు చెరువులో కడగడం మాన్పించు. కట్ట మీద చింతచెట్లు ఉంటే వాటి మీద గొడ్డలి పడకుండా చూడు. ప్రస్తుతానికి అవి మేతకు వచ్చాయి, అంతే. గూడు కడతాయో లేదో ఏళ్లు గడిస్తే తెలుస్తుంది. అందాకా చెట్లు నిలబడి ఉండాలి.

నన్ను నేను మోసం చేసుకుంటున్నానా అని అడిగావు. మీ పక్కనే వజ్రకరూరు ఉంది. తొలకరి చినుకు పడగానే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, ఆ చేలలో తల వంచుకుని వజ్రాలు వెతుకుతారు. వాళ్లను తప్పుపట్టను, కష్టంలో ఉన్న మనిషి వెతుక్కుంటాడు. కానీ అక్కడ చూపు నేల మీద ఉంచి నడవడం తప్ప మనిషి చేయగలిగింది ఇంకేమీ లేదు. నీ ఆశ అలాంటిది కాదు. వాన దేవుడిచ్చిందే అనుకో, ఆ వాననీరు వంకలోంచి చెరువు దాకా రావడానికి మాత్రం ఎవరో ఒళ్లు వంచి ఉంటారు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మీ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పటి నుంచి ఈ సీమలో ఎన్ని కుంటలు తవ్వారో, ఎన్ని కాలువల్లో తుమ్మ కొట్టారో కూలికి వెళ్లినవాళ్లను అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. కొన్ని చెరువులకు హంద్రీ-నీవా కాలువ నీళ్లు చేరాయి. మీ చెరువు ఈ ఏడాది ఎందుకు మరువ పారింది, వాన ఎక్కువయిందా, వంక బాగుపడిందా, పైనుంచి కాలువ నీళ్లు తోడయ్యాయా? ఊళ్లో నలుగురిని అడిగి తెలుసుకో. కారణం తెలిసిన ఆశ మనిషిని మోసం చేయదు, వచ్చే ఏడాది ఏ పని చేయాలో చెబుతుంది.

ఇక జింకలు. ఇక్కడ మీ నాయన పక్కన నిలబడి మాట్లాడతాను.

సేద్యం మానేసిన చేలలో గడ్డి పెరుగుతుంది, సర్కారు తుమ్మ కమ్ముకుంటుంది. పగలు జింకలకు అది నీడ, దాని కాయలు మేత. పొద్దు వాలాక, తెల్లవారుజామున పక్కనున్న పచ్చటి చేలో పడతాయి. వలసపోయిన మనుషుల బీళ్లే వాటికి విడిది అన్నంత వరకు మీ నాయన మాట నిజం. మిగతా సగం వేరే ఉంది. కృష్ణజింక అడవి జంతువు కాదు, బయలు జంతువు. దానికి చెట్ల గుబురు అక్కర్లేదు, చూపు ఆనినంత దూరం గడ్డినేల కావాలి. మీ నాయన చిన్నతనంలో అలాంటి బంజరు, మేత పోరంబోకు ప్రతి ఊరికీ ఉండేది. అది కొంత సాగులోకి పోయింది, కొంత గాలిమరల కిందికి, సోలార్ పలకల కిందికి పోయింది. వాటి మేత భూమి తగ్గింది, మీ శనగ చేను దారిలో ఉంది.

వన్యప్రాణుల మీద ప్రేమ ఉన్నవాళ్లు రైతు నష్టాన్ని తర్వాత చూద్దామనుకుంటే ఏమవుతుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. నందికొట్కూరు, నంద్యాల నడుమ రోళ్లపాడు ఉంది, ఒకప్పటి కర్నూలు జిల్లా. (మీ నాయన వాడిన ‘పాడు’ వేరు, ఈ ఊరి పేరు చివరనున్న ‘పాడు’ వేరు. దీనికి పల్లె అని అర్థం.) ఆ పచ్చిక బయళ్లలో బట్టమేక పిట్టలు ఉన్నాయని తెలిసి 1988లో అక్కడ 600 హెక్టార్లకు పైగా నేలను అభయారణ్యం చేశారు. బట్టమేక మనిషి నడుము ఎత్తు ఉండే పక్షి, నేల మీద సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. కంచె వేశారు, గడ్డి పెరిగింది. పెరిగిన గడ్డికి కృష్ణజింకలు వందల్లోకి పెరిగాయి. అవి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. నష్టపోయిన రైతుకు అభయారణ్యం పేరు ఎత్తితేనే ఒళ్లు మండే స్థితి వచ్చింది. అదే సమయంలో చుట్టూ నీటిపారుదల పెరిగి, జొన్నా కొర్రా పండిన మెట్ట చేలు వేరే పంటలకు మారిపోయాయి. బట్టమేకకు కావలసింది కంచె లోపలి నేల ఒక్కటే కాదు, ఆ మెట్ట చేలు కూడా. ఎవరి కోసం కంచె వేశారో ఆ పక్షి క్రమంగా కనుమరుగైంది. తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది. పక్షి మీద శ్రద్ధ ఉన్న మనుషులు అక్కడ పనిచేశారు. అయినా పక్క చేలో రైతు ఆ పక్షి వైపు నిలబడే దారి ఏర్పడలేదు.

అందుకని చెబుతున్నాను. చెరువు కట్ట మీద నీకు కలిగిన సంతోషానికి ఖర్చు ఇప్పుడు మీ నాయన ఒక్కరే భరిస్తున్నారు. విత్తనం, ఎరువు, ట్రాక్టరు బాడుగ, రాత్రి కాపలా అన్నీ ఆయన లెక్కలోనే పడ్డాయి. ఆయన ముందు కొంగల గురించి మాట్లాడాలంటే ముందు జింకల లెక్క తీర్చే పనిలో నువ్వు దిగాలి. చేను ఫొటోలు తీయి, సర్వే నంబరు, అడంగల్ కాగితం జతచేసి అటవీ శాఖ రేంజి కార్యాలయంలో అర్జీ ఇవ్వు, ఒక నకలు మీద ముద్ర వేయించుకో. గ్రామ సచివాలయంలో కూడా ఒకటి ఇవ్వు. పంట పోయిన మిగతా రైతులు ఉంటే అందరూ కలిసి వెళ్లండి. తిప్పుతారు, విసుగొస్తుంది, అయినా వదలొద్దు. చేను చుట్టూ పాత చీరలు కట్టే పద్ధతి మీ వైపు ఉన్నదే. గాలికి ఆ రంగులు కదులుతుంటే కొన్నాళ్లు జంకుతాయి, తర్వాత అలవాటు పడతాయి. అందుకని వారానికోసారి చీరల చోటు మార్చాలి. మొలక దశలో నెల రోజులు గట్టిగా కాపలా ఉంటే పెద్ద నష్టం తప్పుతుంది. ఆ కాపలాకు వచ్చే ఏడాది నుంచి మంచె మీద నువ్వు పడుకో. మోకాళ్ల నొప్పులున్న మనిషి మంచులో డబ్బా కొడుతూ తిరగకూడదు. పక్క చేల వాళ్లతో వంతులు వేసుకుంటే ఇంకా మంచిది.

ఒక్కటి మాత్రం ఎవరు సలహా ఇచ్చినా చేయొద్దు. తీగకు కరెంటు పెట్టొద్దు. కృష్ణజింక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, దాన్ని చంపితే కనీసం మూడేళ్ల జైలు. మన రాష్ట్ర జంతువు కూడా అదే. చట్టం సంగతి అలా ఉంచు. చీకట్లో ఆ తీగకు తగిలి పక్క చేను రైతో, గొర్రెల కాపరో పడిపోయిన ఇళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. అలాంటి ఒక ఇంటికి నేను పరామర్శకు వెళ్లాను. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

ఊరి బంజరు ఇంకా మిగిలి ఉంటే దాని మీద దృష్టి పెట్టండి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990లో 32 ఎకరాల మొండి నేలతో పని మొదలుపెట్టారు. తర్వాత చుట్టుపక్కల పల్లెల వాళ్లతో కలిసి కల్పవల్లి అనే పేరుతో వేల ఎకరాల బంజరును కాపాడుకున్నారు. అక్కడ జరిగిన పనిలో మొక్కలు నాటడం కన్నా ముఖ్యమైనది నిప్పు పడకుండా చూడటం. ఎండాకాలంలో గడ్డికి నిప్పంటుకుంటే ఊరివాళ్లు పరిగెత్తి ఆర్పేవారు. నేల కాలకపోయేసరికి వేళ్లలో దాగి ఉన్నవి వాటంతటవే లేచాయి. గడ్డి వచ్చింది, వాగు పొడవునా ఈత చెట్లు వచ్చాయి, తోడేలు, ఎలుగుబంటి, చిరుత తిరుగుతున్నాయి. ఆ గడ్డినే ఊళ్ల పశువులు మేస్తాయి, ఆ ఈతాకుతోనే బుట్టలు అల్లుతారు. మీ ఊరికి వేల ఎకరాలు లేకపోవచ్చు. యాభై ఎకరాల పోరంబోకు కాలకుండా, దున్నకుండా నిలిచినా గొర్రెలకు మేత ఉంటుంది, జింకకు శనగ చేను తప్ప వేరే దిక్కు దొరుకుతుంది. దానివల్ల మీ చేను పూర్తిగా తప్పించుకుంటుందని హామీ ఇవ్వను.

మా వైపు సంగతి ఒకటి చెబుతాను, ఇది మీ నాయన కోసం. నేను పుట్టింది కడప జిల్లాలో, సిద్దవటం దగ్గర. అక్కడి ముళ్లపొదల్లో కలివికోడి అనే పిట్ట ఉంది. రాత్రి పూట తిరుగుతుంది, కలివి పొదల్లో ఉంటుంది కాబట్టి ఆ పేరు. జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడి వల్ల 1848 ప్రాంతంలో దాని సంగతి మొదటిసారి శాస్త్రవేత్తలకు తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదని శాస్త్రవేత్తలు దాన్ని అంతరించిన పక్షుల్లో కలిపేశారు. మళ్లీ 1986 జనవరిలో దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే పరిశోధకుడు వచ్చి పల్లెల్లో బొమ్మ చూపిస్తూ అడిగితే, గుర్తుపట్టిన స్థానికులు ఉన్నారు. ఐతన్న అనే వేటగాడు రాత్రి లైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. ఆ పిట్ట పాపం ఎక్కువ రోజులు బతకలేదు, కానీ దాని వల్లే ఆ జాతి ఇంకా ఉందని లోకానికి తెలిసి, 1988లో లంకమల అభయారణ్యం ఏర్పడింది. ఎనభై ఆరేళ్లు పుస్తకాల్లో లేని పిట్ట, మా పల్లెల్లో మాత్రం పేరుతో సహా ఉంది.

మీ నాయన తలలో కూడా అలాంటి పేర్లు ఉంటాయి. ఏ పిట్ట ఏ కార్తెలో వచ్చేది, జింకలు ఏ దిబ్బ మీద ఈనేవి, ఏ కుంటలో నీళ్లు ఎప్పటి దాకా నిలిచేవి, ఇవన్నీ ఆయనకు తెలుసు. ఆయన తర్వాత చెప్పేవాళ్లు ఉండరు. పాప చేత ఒక నోటు పుస్తకంలో రాయించు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి ఒక కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఎక్కడుందో అడుగు. ఉంటే అందులో ఆయన చెప్పినవి చేర్పించు, లేకపోతే పెట్టమని అడుగు. పంట పోయిన ముసలి రైతుగా మాత్రమే తనను చూస్తున్న ఊళ్లో, తెలిసిన మనిషిగా ఎవరైనా వచ్చి అడిగితే ఆయన ముఖంలో ఏం కనిపిస్తుందో నువ్వే చూస్తావు.

బెంగళూరు సంగతి. నీ ఉత్తరంలో నాయన మాట ఉంది, పాప మాట ఉంది, పాత యజమాని మాట కూడా ఉంది. నీ భార్య మాట ఒక్కటీ లేదు. పదకొండేళ్లు పట్నంలో కాపురం చేసి, నీళ్లు చాలని ఊరికి వచ్చి, మామగారి నొప్పులు, నీ దిగులు రెండూ మోస్తున్న మనిషి ఏమనుకుంటోంది? ముందు ఆమెను అడుగు. తర్వాత కాగితం పెన్ను తీసుకుని కూర్చోండి. ఏడాదికి ఇంటి ఖర్చు ఎంత, పాప చదువు ఎక్కడ, ఉన్న ఒక్క బోరు ఎన్నాళ్లు నడుస్తుంది, లెక్కలు రాసే నీ చేతి పనికి ఉరవకొండలోనో గుంతకల్లులోనో చోటు ఉందా? ఈ లెక్క తేలకుండా కొంగలను చూసి ఉండిపోవద్దు, జింకలను చూసి వెళ్లిపోవద్దు. నా మనసులో మాట అడిగితే, ఇంకో రెండు పంటలు చూడమంటాను. ఒక్క ఏడాది చూసి ఏ ఊరి సంగతీ చెప్పలేం. వచ్చే ఏడాది వానలు తగ్గి కొంగలు రాకపోవచ్చు కూడా. రాకపోతే ఊరు పోయినట్టు కాదని పాపకు ముందే చెప్పి ఉంచు.

ఈ ఆదివారం మీ నాయనను బండి మీద కూర్చోబెట్టుకుని తూము దాకా తీసుకెళ్లు, కట్ట మీద నడిపించకు. ఏమీ అడగకు, చూడనివ్వు. సోమవారం పొద్దున అర్జీ పట్టుకుని రేంజి కార్యాలయానికి వెళ్లు. కోత అయిపోతే చూపించడానికి చేలో ఏమీ మిగలదు.